కొలోన్ సీసాలో ఆకర్షణ తైలం

ఆ సెలూన్ యజమానిని వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. రేడియో అంటారు. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా ఆ నోరు మూతపడితే ఒట్టు. కుర్చీలో కూర్చున్న మనిషి మెడకు గుడ్డ చుట్టడం ఆలస్యం, ఎవరింట్లో కుళాయి కారుతోందో, ఎవరి కొడుకు చదువు మానేసి గిటార్ పట్టుకున్నాడో, మూలింటి అల్లుడు ఎందుకు అలిగి వెళ్ళాడో, అన్నీ వరసబెట్టి వచ్చేస్తాయి. మనిషిలో చెడ్డ బుద్ధి ఏ కోశానా లేదు. చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది, అంతే. గెడ్డం గీయించుకునేవాడు ఎలాగూ నోరు మెదపలేడు, గొంతు మీద కత్తి ఉంటుంది కదా. కాబట్టి వినేవాళ్ళకు కొదవ లేదు.

అంత వాగుడుకాయకూ రోడ్డు దాటితే మాట పడిపోయేది. రోడ్డు అవతల, సరిగ్గా సెలూన్‌కి ఎదురుగా, కళ్ళజోళ్ళ షాపు ఉంది. దాన్ని నడిపే ఆవిడ ఒక్కతే కళ్ళు పరీక్ష చేస్తుంది, అద్దాలు అరగదీస్తుంది, ఫ్రేములు వంచి చెవులకు సరిపెడుతుంది. తెల్లకోటు వేసుకుని, జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకుని, పని మధ్యలో ఆ పెన్సిల్ కోసం బల్లంతా వెతుక్కుంటూ ఉంటుంది. ముప్ఫై అయిదు దాటిన మనిషి. పెళ్ళి కాలేదు. రేడియోకి ఇంకో మూడేళ్ళు ఎక్కువ, ఆయనకీ కాలేదు.

ఆవిడ ఆ షాపుకి వచ్చి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో రేడియో ఆవిడతో మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే ఒక దగ్గుకి సరిపోవు. ఒకసారి ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, "మీకు కూడా కరెంటు పోయిందా అండీ?" అని అడిగింది. నెత్తిమీద ఫ్యాను గిరగిరా తిరుగుతుంటే మన మహానుభావుడు పోయిందన్నట్టు తలూపాడు. ఆవిడ ఫ్యాను వంక చూసి, ఆయన వంక చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆ పూటంతా రేడియో తలుచుకుని తలుచుకుని తల బాదుకున్నాడు.

అయినా వెళ్ళడం మానలేదు. తన చలవ కళ్ళద్దాల స్క్రూ తనే ఇంట్లో కూర్చుని వదులు చేసుకునేవాడు. దాన్ని బిగించమని పట్టుకెళ్ళేవాడు. ఆవిడ చిన్న స్క్రూడ్రైవర్ తీసుకుని, తల వంచి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని బిగించేది. ఆయన చూస్తూ నిలబడేవాడు. "అయిందండీ" అనేది. "ఆఁ" అనేవాడు. వచ్చేసేవాడు.

ఈ స్క్రూ సంగతి మొదట కనిపెట్టింది అక్క. అక్క, బావ సెలూన్ పై వాటాలోనే ఉంటారు, రేడియో భోజనం, పడక అక్కడే. ఏ సంబంధం తెచ్చినా తమ్ముడు ఏదో ఒక వంక పెట్టి తిప్పి పంపుతుంటే అక్కకి ఒళ్ళు మండేది. ఒకరోజు వాడు గోళ్ళు కత్తిరించుకునే చాకు మొనతో మంచి కళ్ళద్దాల స్క్రూ ఊడదీస్తుంటే గుమ్మంలోంచి చూసింది. ఇంకేముంది, అంతా అర్థమైపోయింది.

అప్పుడే ఆ కబురు వచ్చింది. కుర్చీలో కూర్చున్న ఎవరో చెప్పారు. కళ్ళజోళ్ళ షాపుకి బేరాలు లేవట. అసలు యజమాని వేరే ఊళ్ళో ఉంటాడు. ఈ షాపు మూసేసి, ఆవిణ్ణి అక్కడి పెద్ద షాపుకి రమ్మంటున్నాడట. శనివారం కల్లా ఏదో ఒక మాట చెప్పమన్నాడట. రేడియో చేతిలో కత్తి గాల్లోనే ఆగిపోయింది. విన్న కబురు వీధికి పంచిపెట్టకుండా కడుపులో దాచుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

చెప్పాల్సింది ఒక్క మాట. "వెళ్ళకండి." అంతే. అద్దం ముందు నిలబడి, చేతిలో బ్రష్ పట్టుకుని చాలాసార్లు అని చూసుకున్నాడు. అద్దంలో బాగానే వస్తోంది. రోడ్డు సగం దాటేసరికి ముచ్చెమటలు పట్టి, కాళ్ళు వాటంతట అవే వెనక్కి తిరుగుతున్నాయి.

"రోజుకి లక్ష మాటలు ఆడతావు కదరా," అంది అక్క. "అందులోంచి ఒకటి తీసి ఆవిడకి ఇవ్వలేవా?"

"గొంతు దాకా వస్తుంది అక్కా. అక్కడ ఆగిపోతుంది."

ఇక్కడ బావ గురించి చెప్పుకోవాలి. లోకంలో ఎవరూ కొనని వస్తువు ఏదైనా ఉందంటే, దానికి ఆ ఊళ్ళో ఏజెన్సీ బావదే. నడుం నొప్పి తగ్గించే పరుపులు అమ్మాడు, వాటి మీద పడుకున్నవాళ్ళకి మెడ నొప్పి కూడా వచ్చింది. కుక్కల్ని తరిమే ఈల అమ్మాడు, అది ఊదితే లేని కుక్కలు కూడా వచ్చేవి. మనసు మాత్రం వెన్న. బామ్మర్ది బెంగపెట్టుకున్నాడని తెలియగానే, కొత్తగా వచ్చిన పెట్టెలోంచి వేలెడంత సీసా ఒకటి తీసుకుని మెట్లు దిగి వచ్చాడు.

"నువ్వు నక్కతోక తొక్కావు బామ్మర్దీ," అన్నాడు. "సరుకు నిన్ననే దిగింది. ఆకర్షణ తైలం. ఇందులో ఫెరోమోన్లు ఉంటాయి."

"అంటే?"

"పట్టుపురుగు తెలుసుగా? ఆడపురుగు కూర్చున్న చోటినుంచి కదలదు, నోరు విప్పదు. ఒంట్లోంచి ఒక వాసన వదులుతుందంతే. ఎక్కడో అవతల ఉన్న మగపురుగు రెక్కలు టపటపలాడించుకుంటూ వచ్చి వాలిపోతుంది. ఆ వాసన పేరే ఫెరోమోన్. మనుషులకి పనికొచ్చేట్టు నూనెలో కలిపి పెట్టారు. నోరు తెరిచే పని లేదు. నీలాంటివాళ్ళ కోసమే పుట్టించారు దీన్ని."

"నేను పురుగునా బావా?"

"పురుగుకున్న పాటి ధైర్యం నీకుంటే నాకీ మెట్లు దిగే పనేముంది? చెప్పేది విను. రెండు చుక్కలు చెవుల వెనక, రెండు చుక్కలు మణికట్టు మీద. ఆరనివ్వు. ఆరాక పైన నీ కొలోన్ సెంటు కొట్టుకో. ముందు ఇది, తర్వాత అది. రెండూ కలిపావో చెడిపోతుంది. నూనెకీ కొలోన్‌కీ ఒక సీసాలో పొసగదు."

బావ జీవితంలో చెప్పిన ఏకైక మంచి సలహా అది. కానీ బావ చెప్పిన సలహా వినకూడదన్నది ఆ ఇంట్లో అందరికీ అలవాటైపోయిన విషయం.

రేడియో మూత తీసి రెండు చుక్కలు మణికట్టు మీద వేసుకున్నాడు. చెప్పొద్దూ, అదేం వాసనో గానీ, తడిసిన మేకని బీరువాలో పెట్టి తాళం వేసినట్టుంది. పైనుంచి అక్క పరుగెత్తుకొచ్చి కిటికీలన్నీ తెరిచింది. "ఏం చచ్చిందిరా ఇక్కడ?" అని బల్లల కింద వెతకడం మొదలుపెట్టింది. ఈ కంపుతో వెళితే ఆవిడ దగ్గరికి రావడం మాట అటుంచి ఆ శనివారం దాకా కూడా ఆగదు, ఆ సాయంత్రమే ఊరు వదిలిపోతుంది అనుకున్నాడు రేడియో.

సెలూన్ వాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. ఏది చేతికొచ్చినా స్ప్రే సీసాలో పోసేస్తారు. నీళ్ళు అందులోనే, లోషన్ అందులోనే, వాసన చాలకపోతే ఇంకో నాలుగు చుక్కలు అందులోనే. రేడియో కొలోన్ కూడా అంతే. డబ్బాలోంచి తీసి తిన్నగా కొడితే గీసిన బుగ్గలు భగ్గుమంటాయని, సగానికి సగం నీళ్ళు కలిపి సీసాలో పోస్తాడు. ఎవరూ అరవరు, వాసనా దండిగానే ఉంటుంది. ఆ చేతికి ఇంకోలా చేయడం తెలీదు. నిమ్మవాసన కొలోన్ నిండుగా ఉన్న సీసా మూత తిప్పి, ఆకర్షణ తైలం మొత్తం అందులో వంపేశాడు. రెండు చుక్కలకే పురుగు ఎగిరొస్తే సీసాడు నూనెకి మనిషి నడిచైనా రాదా అన్నది ఆయన లెక్క.

నూనె పైకి తేలి నిలబడింది. సీసాని గట్టిగా ఊపితే తెల్లగా పాలలా అయిపోయింది. ఇంత బాగా కలిసిపోతుంటే బావ ఏమిటి పొసగదంటాడు అని నవ్వుకుని, చొక్కా కాలరు మీద, చేతుల మీద కొట్టుకున్నాడు. మేక వాసన నిమ్మవాసన కింద ఎక్కడో అణిగిపోయింది. ఏనుగెక్కినంత సంబరంగా సీసాని బల్ల మీద పెట్టి షట్టర్ పూర్తిగా ఎత్తాడు.

మొదటి బేరం రిటైరైన పోస్టుమాస్టరుగారిది. ఆయన కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తీసి అద్దం కింద బల్ల మీద, సబ్బు గిన్నె పక్కన పెట్టి, తల వెనక్కి వాల్చాడు. రేడియో నురగ పట్టించాడు, గీశాడు, పటిక రుద్దాడు, పక్కవీధిలో జరిగిన గొడవ మొత్తం చెప్పాడు. చెయ్యి తన పాటికి తాను సీసా అందుకుని, నాలుగు ఊపులు ఊపి, పోస్టుమాస్టరుగారి రెండు బుగ్గల మీదా మబ్బు కమ్మినట్టు కొట్టేసింది. కొట్టాక గాని రేడియోకి తెలివి రాలేదు. పప్పులో కాలేశానని నాలుక కరుచుకున్నాడు.

"బాగుందోయ్ ఇవాళ వాసన," అన్నాడు పోస్టుమాస్టరుగారు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. గుమ్మం దిగాడు. దిగి, అక్కడే నిలబడిపోయి, అటూ ఇటూ చూశాడు. తర్వాత ఎవరో చెయ్యి పట్టి లాగినట్టు తిన్నగా రోడ్డు దాటి కళ్ళజోళ్ళ షాపులోకి వెళ్ళిపోయాడు.

రేడియో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత బ్యాంకు క్యాషియర్ వచ్చాడు. అంత మంచి వాసన ఒకరికి కొట్టి ఇంకొకరికి కొట్టకపోతే ఏం బాగుంటుందని ఆయనకీ కొట్టాడు. క్యాషియర్ కూడా గుమ్మం దిగి, కళ్ళు చికిలించి, రోడ్డు దాటి అటే వెళ్ళాడు. మధ్యాహ్నం డ్రిల్లు మాస్టారు వచ్చాడు. ఆయనా అటే. సాయంత్రానికి సెలూన్ నుంచి కళ్ళజోళ్ళ షాపుకి మనుషుల తాడు పేనినట్టయింది.

అప్పుడు వెలిగింది రేడియోకి. తైలం పని చేస్తోంది. బ్రహ్మాండంగా పని చేస్తోంది. కాకపోతే ఆవిణ్ణి ఇటు లాగడం మానేసి, ఊళ్ళో ఉన్న మగాళ్ళందర్నీ అటు తోలుతోంది. ఆ తోలేది తనే, తన చేత్తోనే, సబ్బు రాసి నున్నగా గీసి, వాసన కొట్టి మరీ.

నిజానికి అటు వెళ్ళనివాళ్ళు కూడా బోలెడుమంది ఉన్నారు. గెడ్డం గీయించుకుని తిన్నగా ఇంటికి పోయినవాళ్ళు, పక్క కొట్లో సోడా తాగి పోయినవాళ్ళు. వాళ్ళు రేడియో కంటికి ఆనలేదు. కడుపు మండిపోతున్నవాడికి తనకి కావలసిందే కనపడుతుంది మరి.

ఆ సాయంత్రం స్క్రూ వదులు చేసుకుని తనూ వెళ్ళాడు. లోపల అడుగు పెట్టే చోటు లేదు. డెబ్భై ఏళ్ళ పోస్టుమాస్టరుగారు స్టూలు మీద బాసింపట్టు వేసినంత తీరుబడిగా కూర్చుని ఏదో చెబుతుంటే ఆవిడ నవ్వుతోంది. డ్రిల్లు మాస్టారు ఎత్తు కుర్చీలో కూర్చుని, ఆవిడ ఎటు చూడమంటే అటు చూస్తున్నాడు. చిన్నపిల్లాడిలా ఎంత బుద్ధిగా చూస్తున్నాడో. రేడియో గుమ్మం దగ్గరే బిక్కచచ్చిపోయి వెనక్కి వచ్చేశాడు.

మర్నాడు డ్రిల్లు మాస్టారి తమ్ముడు కుర్చీలో దొరికితే, కత్తి నూరుతూ అడిగాడు.

"మీ అన్నగారు ఎదురుషాపులో తెగ కనపడుతున్నారు, ఏమిటి సంగతి?"

"ఏం లేదు, ఊరికే," అన్నాడు అతను గోడ వంక చూస్తూ.

పోస్టుమాస్టరుగార్ని అడిగాడు. "ఊరికేనోయ్, దారిలో ఉందని," అన్నాడాయన. ఆయన ఇల్లు రెండో వైపు. బ్యాంకు క్యాషియర్‌ని అడిగాడు. ఆయన తేలు కుట్టిన దొంగలా దగ్గి, ఎండల గురించి మాట్లాడాడు. ఇంతమంది దాస్తున్నారంటే ఇందులో సందేహం ఏముంది? రేడియోకి అన్నం సయించలేదు.

బావకి చెబితే ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. "చూశావా, సరుకు నిఖార్సయింది," అన్నాడు. "పట్టుపురుగుల్లో కదిలేది మగదే కదా. నువ్వు మగాళ్ళకి కొట్టావు, మగాళ్ళు కదిలారు. ఇది కంపెనీ వాళ్ళకి రాయాల్సిన విషయం."

"నా కొంప మునుగుతుంటే నీకు కంపెనీ కావాల్సొచ్చిందా బావా?"

"అయితే కొట్టడం మానెయ్," అంది అక్క, చేటలో ఏరుతున్న గింజల మీదనుంచి తలెత్తకుండా.

"మానేస్తే వాసన ఏదని అడుగుతున్నారు అక్కా. వీధంతా అదే కావాలంటోంది."

"అయితే కొట్టు. ఏదో ఒకటి ఏడు. అవతల ఆ పిల్ల మూటాముల్లె సర్దుకుంటుంటే నువ్విక్కడ సీసా ఊపుకుంటూ కూర్చో."

శనివారం వచ్చింది. పొద్దున్నే పోస్టుమాస్టరుగారు కుర్చీ ఎక్కారు. రేడియో ఆయన కుడిబుగ్గ గీయడం పూర్తి చేశాడు. మాట్లాడకుండా గీశాడు. పోస్టుమాస్టరుగారికి భయం వేసి, "ఒంట్లో బాగాలేదా?" అని రెండుసార్లు అడిగారు కూడా. ఎడమబుగ్గ నురగ కిందే ఉంది. అప్పుడు గుమ్మంలో వెలుతురు తగ్గినట్టయి తలెత్తి చూస్తే, తెల్లకోటు వేసుకుని ఆవిడ నిలబడి ఉంది. చేతిలో ఎవరిదో కళ్ళజోడు.

"ఒక్క నిమిషం మాట్లాడొచ్చా అండీ?" అంది.

రేడియో తలూపాడు. ఎటు ఊపాడో ఆయనకే తెలీదు.

"ఈ వారం మా షాపుకి వచ్చినవాళ్ళందరూ మీ దగ్గరనుంచే వచ్చారు. అందరిదీ ఒకటే గోల. గెడ్డం గీయించుకుని లేచేసరికి ఉన్నట్టుండి చూపు మసకేసిందని. పాపం కొంతమందైతే వణికిపోతున్నారు. చూస్తే ఆ మసక కళ్ళది కాదు. అద్దాల మీద సన్నగా జిడ్డు పొర. గుడ్డ పెట్టి తుడిస్తే ఇంకా పరుచుకుంటోంది. సబ్బునీళ్ళతో కడిగితే పోతోంది. కడిగించుకుని వెళతారు, మళ్ళీ గెడ్డం పెరగ్గానే ఇక్కడికొచ్చి, మళ్ళీ అక్కడికొస్తారు. మీరు మొహాలకి ఏం కొడుతున్నారు?"

నురగలోంచి పోస్టుమాస్టరుగారు తల తిప్పారు. "అంటే నా కళ్ళు బాగానే ఉన్నాయా అమ్మా?"

"మొదటిరోజే చెప్పాను కదండీ బాగున్నాయని."

"ముసలాడు బెంగపడతాడని అలా అంటున్నావనుకున్నాను," అన్నారాయన. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూపు పోతోందని మా ఇంట్లో కూడా చెప్పలేదు. ఇక్కడ అసలే చెప్పలేదు. రేడియోకి చెబితే సాయంత్రానికి వీధంతా నన్ను చెయ్యి పట్టుకుని నడిపించదూ?"

రేడియో అద్దం కింది బల్ల వంక చూశాడు. సబ్బు గిన్నె పక్కన పోస్టుమాస్టరుగారి కళ్ళజోడు. దానికి జానెడు దూరంలో స్ప్రే సీసా. కళ్ళజోడున్న ప్రతివాడూ దాన్ని తీసి పెట్టేది అక్కడే, తను మబ్బులా కొట్టిన ప్రతి స్ప్రే వాలేది అక్కడే. ఎవరూ ఆవిడ మీద మనసు పడలేదు. ఎవరి కళ్ళ బెంగ వాళ్ళది. ఆ ఆనందానికి ఆయనకి గట్టిగా అరవాలనిపించింది. కానీ ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది.

"ఈ సాయంత్రం మా ఓనరుగారికి జవాబు చెప్పాలి. ఇంతమంది వస్తున్నారని విని, నువ్వు నడుస్తుందంటే షాపు ఉంచుతా, లేదంటే మూసేస్తా, నీ మాట మీదే అన్నారు. ఈ జిడ్డు సంగతేమిటో, ఈ జనం ఎందుకొస్తున్నారో తెలియకుండా నేనేం చెప్పను? అందుకే వచ్చాను."

కొత్త సబ్బు తెచ్చాననో, రోడ్డు మీద దుమ్మనో చెబితే సరిపోతుంది. వచ్చే జనం నిజమైన బేరాలే అని ఆవిడ అనుకుంటుంది. షాపు ఉంటుంది, ఆవిడ ఉంటుంది, కొలోన్ సీసా కాలవలో పారబోస్తే ఎవరికీ తెలీదు. నిజం చెబితే, ఆ జనమంతా తన సీసా తోలిన జనమని తెలిసి, షాపు మూసుకుని బస్సెక్కేస్తుంది. అబద్ధం రేడియో నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఆ మొహం చూస్తూ అనలేకపోయాడు.

"తప్పు నాదే అండీ," అన్నాడు. "అందులో నూనె ఉంది."

ఆవిడ సీసా తీసుకుని వెలుతురులో పైకెత్తి చూసింది. అడుగున కొలోన్ తేటగా ఉంది, పైన పసుపుపచ్చని నూనె అట్టులా నిలిచి ఉంది.

"ఏం నూనె?"

గొంతు దాకా వచ్చి ఎప్పుడూ ఆగిపోయేది ఆ రోజు ఆగలేదు. ఒకసారి కదిలాక ఎలా ఆపాలో ఆయనకి తెలీలేదు. "మా బావ తెచ్చాడండీ. ఆకర్షణ తైలమట. పట్టుపురుగుల్లో ఉంటుందట. నోరు తెరవక్కర్లేదన్నాడు. ఒంటికి రాసుకుని పైన కొలోన్ కొట్టుకోమన్నాడు, నేను ఆ కంపు భరించలేక సీసాలో కలిపేశాను. నా కోసమే కలుపుకున్నానండీ, చెయ్యి ఊరుకోక అందరికీ కొట్టేశాను. వాళ్ళందరూ మీ షాపుకి వస్తుంటే మిమ్మల్ని చూడ్డానికే అనుకుని నాలుగు రోజులుగా తిండి లేదు. ఈ పోస్టుమాస్టరుగార్ని కూడా అనుమానించానండీ."

"ఓరి నీ," అన్నారు పోస్టుమాస్టరుగారు నురగలోంచి, కొంచెం మురిసిపోతూ.

"మీ దగ్గరికి ఎవరు రావాలని కలుపుకున్నారు?" అని అడిగింది ఆవిడ. ఆ మాట మాత్రం మెల్లిగా అడిగింది.

"మీరు," అన్నాడు రేడియో. "మీరు వెళ్ళిపోతారని విన్నాను. వెళ్ళకండి. అదే చెబుదామని. వెళ్ళకండి."

ఆవిడ సీసా కింద పెట్టింది. పెదవులు బిగబట్టింది. ఆపుకోలేకపోయింది. నవ్వు వచ్చింది చూడండీ, పొట్ట పట్టుకుని, గోడకి ఆనుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారిపోయేలా నవ్వింది. జుట్టు ముడిలో పెన్సిల్ కింద పడింది. ఆ నవ్వులో ఎగతాళి కనపడక, ఏం చేయాలో తెలీక రేడియో వంగి పెన్సిల్ తీసిచ్చాడు.

"చూడండీ," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "అద్దాలు కడిగించుకోడానికి వచ్చినవాళ్ళని ఊరికే పంపడమెందుకని అందరికీ పరీక్ష చేశాను. సగం మందికి చూపు నిజంగానే తగ్గింది. ఏళ్ళ తరబడి పేపరు చేతులు చాపి పట్టుకుని చదువుతున్నారు, రమ్మంటే రారు. డ్రిల్లు మాస్టారికి ఫుట్‌బాల్ ఎటు పోతోందో కనపడక, బంతి చప్పుడుని బట్టి విజిల్ వేస్తున్నారట. వాళ్ళు రావాల్సినవాళ్ళే. షాపుకి ఫరవాలేదు."

"అయితే మీరు," అని ఆగాడు రేడియో.

"షాపు కోసమైతే అక్కడ ఇంతకంటే పెద్ద షాపుంది. మూడేళ్ళయింది వచ్చి. స్క్రూ బిగిస్తున్నంతసేపూ మీరు ఏదో ఒకటి అంటారేమోనని చూసేదాన్ని. రోడ్డు అవతలనుంచి వింటే గలగలా మాట్లాడుతుంటారు, నా దగ్గరికొస్తే ఆఁ అనేసి పోతారు. నేనంటే ఇష్టం లేదేమో అనుకున్నాను. నాకెంత చిన్నతనంగా ఉండేదో తెలుసా?"

రేడియోకి నేల మీద కాళ్ళు ఆనలేదు. ఇన్నాళ్ళూ ఇద్దరూ చెరో పక్క నిలబడి ఒకరి మాట కోసం ఒకరు చెవులు రిక్కించుకుని ఉన్నారన్నమాట. సంతోషంతో పాటు తన మీద తనకే చెప్పలేనంత కోపం వచ్చింది.

మెట్ల మీద అలికిడయింది. అక్క, బావ ఎప్పుడు దిగారో, అక్క బావ చొక్కా పట్టుకుని ముందుకి రాకుండా ఆపుతోంది. అమ్ముడుపోని సరుకుకి మొదటిసారి ఫలితం కనపడిన ఆనందంలో బావ మొహం వెలిగిపోతోంది.

ఆవిడ కోటు జేబులోంచి ఫోన్ తీసింది. "సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే చెప్పేస్తాను," అని నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది.

"నమస్కారం సార్. నేనే. షాపు మూయొద్దండీ. నేనిక్కడే ఉంటాను." అవతల ఏదో అడిగారు. "బేరాలు బాగానే ఉంటాయి సార్. కానీ దానికోసం కాదు. ఇక్కడ ఒకాయన నన్ను వెళ్ళొద్దంటున్నారు." మళ్ళీ ఏదో అడిగారు. ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. "కాదు సార్, కస్టమరు కాదు." ఇంకోసారి అడిగారు.

ఆవిడ ఫోన్ మీద అరచెయ్యి అడ్డుపెట్టి రేడియో వైపు తిరిగింది.

"ఆయన నీకేమవుతాడు అని అడుగుతున్నారు," అంది. "ఏమని చెప్పమంటారు?"

బావ నోరు తెరవబోతే అక్క ఆ నోరు మూసింది.

"తొందరగా చెప్పరా నాయనా," అన్నారు పోస్టుమాస్టరుగారు. "ఇక్కడ నురగ ఎండిపోతోంది."

"కాబోయే మొగుణ్ణని చెప్పండి," అన్నాడు రేడియో.

మామూలుగా అందామనుకున్నాడు. ఇన్నేళ్ళ మాట ఒక్కసారిగా బయటికొచ్చేసరికి అరుపైపోయింది. పక్క కొట్లో సోడా తాగుతున్నవాళ్ళు గుమ్మంలోకి వచ్చి తొంగిచూశారు. ఆవిడ ఫోన్ మీదనుంచి చెయ్యి తీసింది. అవతలి పెద్దమనిషి పకపకా నవ్వడం సెలూన్‌లో అందరికీ వినపడింది.

"విన్నారుగా సార్," అంది ఆవిడ, రేడియోనే చూస్తూ. "ఇంక నేను వేరే చెప్పక్కర్లేదు."